భయం ఒక బిళ్ళ మీద, నష్టం మరో బిళ్ళలో: పార్కిన్సన్స్ మందులు ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుంది?

సంక్షిప్తంగా: వణుకు, కదలికల మందగింపు తెచ్చే మెదడు జబ్బు పార్కిన్సన్స్; దానికి ప్రధానమైన మందు లెవోడోపా. అది కొన్నేళ్లకే పనిచేయడం మానేస్తుందనీ, కాబట్టి వీలైనంత కాలం దాచుకోవాలనీ నమ్మే కుటుంబాలు గోదావరి జిల్లాల్లో తక్కువేమీ కాదు. పరిశోధనలు ఈ నమ్మకాన్ని బలపరచడం లేదు. మందు ప్రభావం మధ్యలో తెగిపోవడానికీ, ఒళ్ళు తనంతట తాను మెలికలు తిరగడానికీ మందు వాడిన సంవత్సరాల కంటే వ్యాధి ముదిరిన తీరు, రోజువారీ మోతాదు ముఖ్యమైన కారణాలుగా తేలాయి. ఇదే వ్యాధికి ఇచ్చే ఇతర బిళ్ళల వల్ల వచ్చే జూద వ్యామోహం, మతిమరుపు, భ్రాంతులు, పాదాల వాపు మాత్రం మందు తెచ్చినవన్న అనుమానమే రాక చాలా ఇళ్లలో కొనసాగిపోతుంటాయి.

దాచుకున్న బిళ్ళ

డెల్టా పల్లెలో అరవై దాటిన మనిషికి ఒక చెయ్యి వణకడం మొదలైతే, లేదా నడకలో ఒక కాలు ఈడ్చినట్టు పడుతుంటే, ముందుగా వినిపించే మాట "నరాల బలహీనత". ఊళ్ళోని ఆర్‌ఎంపీ దగ్గర బలానికి సూదిమందులు, విటమిన్ బిళ్ళలు కొన్ని నెలలు నడుస్తాయి. ఆ తరువాత కాకినాడో, రాజమహేంద్రవరమో, విజయవాడో వెళ్ళి నరాల డాక్టరుకు చూపించుకున్నప్పుడు వ్యాధి పేరు తెలుస్తుంది. లెవోడోపా, కార్బిడోపా కలిసిన బిళ్ళ చేతికి వస్తుంది. కొద్ది వారాల్లో చొక్కా గుండీలు మళ్ళీ తానే పెట్టుకోగలుగుతాడు. సరిగ్గా ఈ దశలోనే ఆసుపత్రి వరండాలోనో, బంధువుల ఇంటి పెళ్ళిలోనో ఒక మాట చెవిన పడుతుంది: ఈ బిళ్ళ ఐదేళ్లే పనిచేస్తుందట, ఇప్పుడే వాడేసుకుంటే ముందుముందు వేసుకోవడానికి మందే ఉండదట. అక్కడి నుంచి మూడు పూటలకు రాసిన బిళ్ళ రెండు పూటలవుతుంది, ఒకటి కాస్తా అరవుతుంది.

దీన్ని పల్లెటూరి అజ్ఞానంగా కొట్టిపారేయడం సరికాదు, ఎందుకంటే ఈ మాట పుట్టింది వైద్యరంగంలోనే. 1967లో జార్జి కోట్జియాస్ అనే వైద్యుడు ఈ మందును నోటి ద్వారా, మోతాదు నెమ్మదిగా పెంచుతూ ఇచ్చి, కదల్లేని రోగులను కదిలించగలిగాడు. ఆ సంతోషం ఎంతో కాలం నిలవలేదు. రెండు మూడేళ్లలోనే ఒళ్ళు అదుపులేకుండా ఊగడం, మందు ప్రభావం హెచ్చుతగ్గులు కావడం బయటపడ్డాయి. ప్రయోగశాల గాజుపాత్రల్లో పెంచిన కణాల మీద లెవోడోపా వేస్తే కణాలు దెబ్బతినడం కనిపించడంతో, అసలు ఈ మందే మెదడు కణాలను చంపుతోందా అన్న అనుమానం కూడా తోడైంది. ఆ అనుమానంతోనే చాలామంది వైద్యులు దశాబ్దాల పాటు, ముఖ్యంగా వయసు తక్కువగా ఉన్న రోగులకు, లెవోడోపాను వీలైనంత వెనక్కి నెట్టి వేరే మందులతో మొదలుపెట్టారు. వైద్యరంగం తరువాత తన అభిప్రాయాన్ని సవరించుకుంది. పాత అభిప్రాయం మాత్రం జనంలో ఇంకా చలామణీ అవుతూనే ఉంది.

చెరువు పూడితే వంతు నీరే దిక్కు

మెదడు కింది భాగంలో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే నల్లని కణజాలం ఉంటుంది. అక్కడి కణాలు తయారుచేసే డోపమిన్ అనే రసాయనం స్ట్రయేటమ్ అనే భాగానికి చేరి కదలికలను సాఫీగా నడిపిస్తుంది. చెయ్యి వణకడం బయటపడేనాటికే అక్కడి డోపమిన్ సగానికి పైగా తరిగిపోయి ఉంటుంది. డోపమిన్‌నే బిళ్ళగా చేసి ఇస్తే అది రక్తంలో నుంచి మెదడులోకి దాటలేదు. దాని ముడిసరుకైన లెవోడోపా దాటగలదు. జతగా ఉండే కార్బిడోపా, మెదడుకు చేరకముందే లెవోడోపా డోపమిన్‌గా మారిపోకుండా దారిలో కాపలా కాస్తుంది. వాంతులు, వికారం తగ్గేది దానివల్లే. మందుల షాపుల్లో 110, 125, 275 అని అడిగే బిళ్ళల పేర్లలో ఉన్నది ఈ రెండింటి కూడికే: 110 అంటే లెవోడోపా 100, కార్బిడోపా 10 మిల్లీగ్రాములు, 125 అంటే 100, 25, 275 అంటే 250, 25. కాబట్టి 125కు బదులు 110 ఇస్తే లెవోడోపా అంతే ఉంటుంది గానీ కాపలా సగానికి పైగా తగ్గిపోతుంది, కడుపులో తిప్పడం ఎక్కువవుతుంది. షాపులో ఒకటి లేక మరొకటి ఇచ్చినప్పుడు మందు పడలేదన్న ఫిర్యాదు వస్తే, ముందుగా చూడవలసింది ఈ అంకెనే.

లెవోడోపా రక్తంలో ఎక్కువసేపు నిలవదు. గంట నుంచి గంటన్నరలో సగం ఖర్చయిపోతుంది. మరి మొదటి సంవత్సరాల్లో రోజుకు మూడు బిళ్ళలతో రోజంతా ఎలా గడుస్తోంది? దీనికి సమాధానం డెల్టా రైతుకు తెలిసిన విషయంలోనే ఉంది. దాళ్వాలో, అంటే రెండో పంట కాలంలో, నీరు చాలనప్పుడు కాలువలకు వంతుల వారీగా వదులుతారు. ఊళ్ళో మంచి చెరువు ఉంటే వంతు వచ్చిన రోజున దాన్ని నింపుకొని, మిగిలిన రోజుల్లో తూము తెరిచి చేలకు పెట్టుకుంటారు. కాలువ కట్టేసిన రోజున కూడా చేను తడిగానే ఉంటుంది. చెరువు పూడిపోయిన ఊళ్ళో వంతు రోజున చేను మునుగుతుంది, వంతు దాటాక నెర్రెలు విచ్చుతుంది. కాలువలో వచ్చే నీరు రెండు ఊళ్ళకూ ఒకటే. తేడా అంతా నిలవ చేసుకునే చోటులో ఉంది.

మెదడులో ఆ చెరువు పని చేసేవి మిగిలి ఉన్న డోపమిన్ కణాలు. అవి బిళ్ళలోని లెవోడోపాను తీసుకొని, డోపమిన్‌గా మార్చి, దాచుకొని, అవసరం మేరకు వదులుతాయి. వ్యాధి ముదిరేకొద్దీ ఈ కణాలు తగ్గిపోతాయి, దాచుకునే శక్తి పోతుంది, అప్పుడు ఒంటి కదలిక రక్తంలోని మందు హెచ్చుతగ్గులను ఉన్నదున్నట్టుగా అనుసరిస్తుంది. బిళ్ళ వేసుకున్న అరగంటకో ముప్పావుగంటకో మందు "ఎక్కుతుంది", మూడు నాలుగు గంటలకు "దిగిపోతుంది". కొందరికి తెల్లవారుజామున, రాత్రి బిళ్ళ పూర్తిగా దిగిపోయిన వేళ, పాదం లోపలికి మెలిపడి వేళ్ళు ముడుచుకుపోయి నొప్పి పుడుతుంది.

మరో చిక్కు కూడా ఉంది. డోపమిన్ కణాలు పోయాక లెవోడోపాను డోపమిన్‌గా మార్చే పనిలో కొంత భాగాన్ని సెరటోనిన్ అనే మరో రసాయనాన్ని తయారుచేసే కణాలు చేపడతాయి. కానీ ఎంత వదలాలి, ఎప్పుడు ఆపాలి అని చెప్పే ఏర్పాటు వాటికి లేదు. షట్టరు లేని తూములా ఒక్కసారిగా వదిలేస్తాయి. మందు బాగా ఎక్కిన వేళ ఒళ్ళు మెలికలు తిరగడానికి చెప్పే ముఖ్యమైన వివరణల్లో ఇది ఒకటి.

ఘనా నుంచి వచ్చిన జవాబు

ఈ హెచ్చుతగ్గులు వ్యాధి ముదిరినందువల్లా, మందు ఏళ్ల తరబడి వాడినందువల్లా అన్నది తేల్చడం సులభం కాదు, ఎందుకంటే సాధారణంగా రెండూ కలిసే నడుస్తాయి. తేల్చడానికని రోగులకు నాలుగేళ్ల పాటు మందు ఆపి చూడటం న్యాయం కాదు. పేదరికం చేతనో, వైద్యం అందుబాటులో లేకనో మందు ఆలస్యంగా మొదలైన చోట్లే ఆ పరిశీలన సాధ్యమైంది. 2014లో వెలువడిన ఒక అధ్యయనం పశ్చిమాఫ్రికాలోని ఘనా రోగులను ఇటలీ రోగులతో పోల్చింది. ఘనాలో వ్యాధి మొదలైన సగటున నాలుగేళ్లకు పైబడి లెవోడోపా అందింది, ఇటలీలో రెండున్నరేళ్లలోపే అందింది. దాచుకుంటే లాభమన్న మాట నిజమైతే ఘనా రోగులకు మెలికలు ఆలస్యంగా రావాలి. అలా జరగలేదు. వ్యాధి మొదలైననాటి నుంచి లెక్కిస్తే రెండు దేశాల్లోనూ ఈ ఇబ్బందులు దాదాపు ఒకే కాలానికి వచ్చాయి. ఘనా రోగులకు తేడా అల్లా ఒక్కటే: మందు మొదలుపెట్టిన తరువాత చాలా త్వరగా వచ్చినట్టు కనిపించాయి, ఎందుకంటే అప్పటికే చెరువు పూడిపోయి ఉంది. మందు లేకుండా గడిపిన ఆ మొదటి సంవత్సరాల కదలిక మాత్రం వారికి తిరిగి రాలేదు.

2019లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన మరో అధ్యయనం ఇదే విషయాన్ని వేరే దారిలో పరిశీలించింది. 445 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు మొదటి నుంచీ 80 వారాల పాటు లెవోడోపా ఇచ్చారు. రెండో జట్టుకు మొదటి 40 వారాలు ఉత్తుత్తి బిళ్ళ, తరువాతి 40 వారాలు లెవోడోపా ఇచ్చారు. చివరకు రెండు జట్ల మధ్య చెప్పుకోదగిన తేడా కనబడలేదు. అంటే ముందుగా మొదలుపెట్టడం వల్ల వ్యాధి నెమ్మదించలేదు, మరింత దెబ్బతినడమూ జరగలేదు.

అంతమాత్రాన మందుకు ఏ పాత్రా లేదనుకోవడం పొరపాటు. మోతాదుకు స్పష్టమైన పాత్ర ఉంది. 361 మందిపై జరిగి 2004లో వెలువడిన అధ్యయనంలో రోజుకు 600 మిల్లీగ్రాములు తీసుకున్నవారిలో 16.5 శాతం మందికి 40 వారాల్లోనే మెలికలు కనిపించాయి. 300, 150 మిల్లీగ్రాముల జట్లలో ఇది 4 శాతం లోపే ఉంది. యాభై ఏళ్లలోపు వ్యాధి మొదలైనవారికి, బరువు తక్కువగా ఉన్న ఆడవారికి ఈ ముప్పు మరింత ఎక్కువ. సగటున చూస్తే, మందు మొదలుపెట్టిన నాలుగు నుంచి ఆరేళ్లలో పది మందిలో సుమారు నలుగురికి ఏదో ఒక రూపంలో హెచ్చుతగ్గులు లేదా మెలికలు కనిపిస్తాయని చాలాకాలంగా చెబుతున్న లెక్క. ఐదేళ్ల మాట బహుశా ఈ లెక్కలోనుంచే ఊడిపడింది. అందులో మందు పనిచేయడం మానేస్తుందన్న అర్థం మాత్రం లేదు. పదిహేనేళ్ల తరువాత కూడా లెవోడోపా ఎక్కుతుంది. ఎక్కినది నిలవడమే తగ్గుతుంది.

ఊగడం వేరు, వణకడం వేరు

కుటుంబాలు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. కూర్చున్న మనిషి తల, భుజాలు, మొండెం ఊగుతుంటే జబ్బు ముదిరిందనుకొని ఇంకో బిళ్ళ ఇస్తారు, ఊగడం పెరుగుతుంది, మళ్ళీ ఇంకో బిళ్ళ. పార్కిన్సన్స్ వణుకు ఒక లయలో, చెయ్యి ఊరికే ఒడిలో ఉన్నప్పుడు, మందు లేని వేళ కనిపిస్తుంది. మందు వల్ల వచ్చే మెలికలకు లయ ఉండదు. అవి నీటిలో తీగ కదిలినట్టు ఒక చోటి నుంచి మరో చోటికి పాకుతుంటాయి, సాధారణంగా బిళ్ళ వేసుకున్న గంట రెండు గంటల మధ్య, మనిషి బాగా నడవగలిగే వేళలోనే ఎక్కువగా ఉంటాయి. మాటల్లో వర్ణించడం కంటే సెల్‌ఫోనులో తీసిన అర నిమిషం వీడియో, దాని పక్కన బిళ్ళ వేసుకున్న సమయం రాసిన కాగితం డాక్టరుకు ఎక్కువ చెబుతాయి. కొయ్యబారిపోవడం కంటే కాస్త ఊగుతూ తిరగడమే మేలని చాలామంది రోగులు అంటారు. చూసేవారికి మాత్రం ఊగడమే భయంకరంగా కనిపిస్తుంది. మోతాదు మార్చేటప్పుడు ఎవరి ఇబ్బందిని లెక్కలోకి తీసుకుంటున్నారన్నది అడగవలసిన ప్రశ్న.

చికిత్స తర్కం కాలువ తర్కమే: పెద్ద మోతాదు తక్కువసార్లు ఇవ్వడం కంటే చిన్న మోతాదు ఎక్కువసార్లు ఇవ్వడం. మందు త్వరగా విరిగిపోకుండా ఆపే ఎంటాకపోన్, రాసాజిలిన్ వంటివి జత చేయడం మరో మార్గం. ఎంటాకపోన్ వల్ల మూత్రం ముదురు నారింజ రంగుకు మారితే అది పచ్చకామెర్లు కాదు. అమాంటాడిన్ అనే మందు మెలికలను తగ్గిస్తుంది. మొదట ఫ్లూ జ్వరానికి వాడిన ఈ మందు పార్కిన్సన్స్‌కు పనికొస్తుందని 1960ల చివర యాదృచ్ఛికంగా తెలిసింది. మందులతో అదుపుకాని కొందరికి మెదడులో విద్యుత్ తీగలు అమర్చే శస్త్రచికిత్స ఉంది. హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రిలో ఇది చాలాకాలంగా జరుగుతోంది. చర్మం కింద సన్నని గొట్టం ద్వారా రోజంతా లెవోడోపా రూపాన్ని ఎక్కించే పంపుకు అమెరికాలో 2024లో అనుమతి వచ్చింది. వంతు నీటి స్థానంలో నిరంతర ధారను తేవడమే దాని ఉద్దేశం.

పెసరట్టుకు ముందా, తరువాతా

లెవోడోపా ఒక అమైనో ఆమ్లం. ప్రేగు నుంచి రక్తంలోకి, రక్తం నుంచి మెదడులోకి వెళ్ళడానికి అది ఎక్కవలసిన పడవనే మాంసకృత్తుల నుంచి వచ్చే ఇతర అమైనో ఆమ్లాలు కూడా ఎక్కుతాయి. వ్యాధి తొలిదశలో ఈ పోటీ పెద్దగా తెలియదు. హెచ్చుతగ్గులు మొదలయ్యాక, పెసరట్టుతో పాటు వేసుకున్న ఉదయం బిళ్ళ ఎక్కకపోవడం, చేపల పులుసుతోనో ముద్దపప్పు, గడ్డపెరుగుతోనో భోజనం చేసిన మధ్యాహ్నం కాళ్ళు కదలకపోవడం అనుభవంలోకి వస్తాయి. మందు పాడైందనో, కంపెనీ మారిందనో అనుకుంటారు. తిండికి అరగంట ముందు, లేదా తిన్న గంటకు పైన బిళ్ళ వేసుకుంటే చాలామందికి ఈ చిక్కు తీరుతుంది. కొందరు పప్పు, చేప, పెరుగు ఎక్కువగా రాత్రి భోజనానికి మార్చుకుంటారు. మాంసకృత్తులను మొత్తంగా మానేయడం మాత్రం ప్రమాదం, ఎందుకంటే ఈ వ్యాధిలో బరువు తగ్గడం ముందే ఉన్న సమస్య. మలబద్ధకం వల్ల కూడా బిళ్ళ ఆలస్యంగా ఎక్కవచ్చు.

సంక్రాంతి బరిలో కనిపించని కారణం

లెవోడోపాను దాచుకోవాలన్న ఆలోచన ఒక తరం రోగులను వేరే మందుల వైపు నెట్టింది. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ అనే ఈ మందులు డోపమిన్‌గా మారవు. డోపమిన్ లాగే నటిస్తూ దాని గ్రాహకాల మీద, అంటే కణాల మీద డోపమిన్ అతుక్కునే చోట్ల, నేరుగా పనిచేస్తాయి. మెలికలు వీటితో తక్కువ. కానీ ఇవి కదలికలకు సంబంధించిన చోటే ఆగవు. కోరికను, గెలుపు ఆశను, "ఇంకొక్కసారి" అన్న తపనను నడిపే మెదడు భాగాల్లో ఎక్కువగా ఉండే డి3 అనే గ్రాహకాన్ని కూడా గట్టిగా తట్టిలేపుతాయి. అమెరికా, కెనడాల్లో 3,090 మంది రోగులను పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ తరగతి మందులు వాడేవారిలో 17.1 శాతం మందికి, వాడనివారిలో 6.9 శాతం మందికి అదుపు తప్పిన కోరికలు కనిపించాయి: జూదం, అతిగా కొనుగోళ్ళు, అతిగా తినడం, లైంగిక వాంఛ హద్దు మీరడం.

ఈ దుష్ప్రభావం గోదావరి జిల్లాల్లో కంటబడటం మరింత కష్టం. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ కోడిపందేల బరి దగ్గర డబ్బు పెట్టడం, ఊరి చావిట్లో పేకాట ఇక్కడ వింతేమీ కాదు. జీవితమంతా పందెం జోలికి పోని మనిషి అరవై ఐదో ఏట అప్పు చేసి మరీ పందెం కాస్తే, వయసు మీద పడ్డాక బుద్ధి మారిందంటారు, చెడు స్నేహం అంటారు, కొడుకులు పొలం కాగితాలు దాచేస్తారు. బిళ్ళను ఎవరూ అనుమానించరు. డాక్టరు కూడా వణుకు గురించి అడుగుతాడు గానీ అప్పుల గురించి అడగడు. రోగి సిగ్గుతో చెప్పడు, లైంగిక విషయమైతే భార్య అసలే చెప్పదు. మందు మొదలుపెట్టిన తేదీనీ, ప్రవర్తన మారిన కాలాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప సంబంధం బయటపడదు. మొదటి నెలల్లోనే రావచ్చు, ఏళ్ల తరువాతా రావచ్చు. మోతాదు తగ్గించినా, మందు మార్చినా చాలామందిలో ఈ ధోరణి తగ్గుతుంది. కానీ ఈ మందును ఒక్కసారిగా ఆపితే ఆందోళన, దిగులు, చెమటలు, మందు కోసం తహతహ వంటి లక్షణాలు వస్తాయి కాబట్టి తగ్గించడం డాక్టరు చేతుల మీదుగా, మెల్లగా జరగాలి.

ఇదే తరగతి మందులతో ఉన్నట్టుండి నిద్ర ముంచుకురావడం మరో ప్రమాదం. 1999లో ఇలా బండి నడుపుతూ నిద్రపోయి ప్రమాదాలకు గురైన 8 మంది రోగుల వివరాలు వెలువడిన తరువాతే దీనిపై హెచ్చరికలు మొదలయ్యాయి. పక్కనే పంటకాలువ పారే గట్టు రోడ్ల మీద మోటారు సైకిలు నడిపే రోగికి ఈ మందు రాసేటప్పుడు బండి నడుపుతారా అన్న ఒక్క ప్రశ్న అడగడం తప్పనిసరి. ఇక ఎర్గాట్ అనే బూజు నుంచి తయారైన పెర్గోలైడ్ అనే పాత మందు గుండె కవాటాలను మందంగా మారుస్తున్నట్టు తేలడంతో 2007లో అమెరికా మార్కెట్టు నుంచి తప్పుకొంది. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ ఆ వర్గానికి చెందినవి కావు.

చవకైన బిళ్ళ

ట్రైహెక్సీఫెనిడిల్ లెవోడోపా కంటే పాత మందు. చాలా చవక, వణుకును కొంత తగ్గిస్తుంది, అందుకే చీటీల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. ఒకసారి రాసిన చీటీ పదేళ్ల పాటు మందుల షాపులో తిరుగుతూనే ఉంటుంది. జ్ఞాపకశక్తికి అవసరమైన అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని ఇది అడ్డుకుంటుంది. నోరు ఎండడం, మూత్రం ఆగిపోవడం, మలబద్ధకం, చూపు మసకబారడం కంటికి కనబడే ఇబ్బందులు. కనబడనిది మతిమరుపు. డెబ్బై ఏళ్ల మనిషి మనవడి పేరు మరిచిపోతే దాన్ని వయసు ఖాతాలోనో, జబ్బు ఖాతాలోనో వేస్తారు. మందు నెమ్మదిగా తగ్గించాక కొందరికి తెలివి తేటపడటం చూసినప్పుడు గానీ పొరపాటు తెలియదు. ప్రజలు భయపడే లెవోడోపాతో పోలిస్తే, ముసలివారికి ఎవరూ భయపడని ఈ బిళ్ళే ఎక్కువ కీడు చేయగలదు.

గదిలో ఎవరో ఉన్నారు

వ్యాధి ఏళ్ళు గడిచేకొద్దీ భ్రాంతులు రావచ్చు. మొదట వెనక ఎవరో నిలబడ్డట్టు, పక్కనుంచి పిల్లి దాటినట్టు అనిపిస్తుంది. తరువాత గది మూలలో చిన్నపిల్లలు కూర్చున్నట్టు, ఎప్పుడో పోయినవాళ్ళు వచ్చినట్టు కనిపిస్తారు. గాలి సోకిందనుకొని తాయెత్తుల దాకా వెళ్ళే కుటుంబాలు ఉన్నాయి. వ్యాధి మెదడులో విస్తరించడం దీనికి ఒక కారణమైతే, మందులు రెండో కారణం. హఠాత్తుగా మొదలైతే మూత్రంలో ఇన్ఫెక్షన్ గానీ, ఒంట్లో నీరు తగ్గడం గానీ ఉందేమో ముందుగా చూస్తారు. ఆ తరువాత మందులు తగ్గించే వరుస ఒకటి ఉంది: మొదట ట్రైహెక్సీఫెనిడిల్, అమాంటాడిన్, తరువాత ప్రామిపెక్సోల్ వంటివి, అన్నిటికంటే చివర లెవోడోపా. కుటుంబాలు భయంతో తమంతట తాము చేసేది సరిగ్గా తలకిందులుగా, ముందు లెవోడోపాను ఆపడం. చిన్న ఆసుపత్రిలో గొడవపడుతున్న రోగికి మానసిక జబ్బులకు వాడే హాలోపెరిడాల్ సూది వేస్తే, అది ఉన్న కొద్దిపాటి డోపమిన్‌నూ అడ్డుకొని మనిషిని కొయ్యలా మార్చేస్తుంది. అవసరమైతే ఈ రోగులకు ఇచ్చేవి క్వెటియాపిన్, క్లోజాపిన్ వంటి మందులు. క్లోజాపిన్ వాడేటప్పుడు తెల్లరక్తకణాల పరీక్షలు క్రమం తప్పకుండా జరగాలి.

ఎండలు, పాదాల వాపు, బోదకాలు

కూర్చున్నచోటి నుంచి లేవగానే కళ్ళు బైర్లు కమ్మడం వ్యాధి వల్లా వస్తుంది, లెవోడోపా, ప్రామిపెక్సోల్ వంటి మందుల వల్లా వస్తుంది. లేచిన మూడు నిమిషాల్లో పై రక్తపోటు 20 పాయింట్లకు మించి పడితే దాన్ని పట్టించుకోవాలి. రోహిణి కార్తె ఉక్కలో చెమట రూపంలో నీరు పోతున్నప్పుడు ఇది బాగా పెరుగుతుంది. ఎప్పుడో మొదలైన బీపీ బిళ్ళలు అదే మోతాదులో కొనసాగుతుంటే పడిపోయే ముప్పు ఇంకా ఎక్కువ. ట్రైహెక్సీఫెనిడిల్‌తో చిక్కు మరో వైపు నుంచి వస్తుంది: అది చెమట పట్టనివ్వదు, దాంతో ఒళ్ళు చల్లబడే మార్గం మూసుకుపోయి వడదెబ్బకు దారితీస్తుంది.

ప్రామిపెక్సోల్, అమాంటాడిన్ వాడేవారిలో చీలమండల దగ్గర వాపు సాధారణం. బోదకాలు తరతరాలుగా ఉన్న గోదావరి డెల్టాలో కాలు వాస్తే ముందుగా తట్టేది అదే. బోదకాలు తరచు ఒక కాలిలో ఎక్కువగా ఉంటుంది, చర్మం మందమవుతుంది. మందు వాపు సాధారణంగా రెండు కాళ్లకూ వస్తుంది. అమాంటాడిన్‌తో తొడల మీద, కాళ్ల మీద వలలాంటి ఊదా మచ్చలు కూడా కనిపించవచ్చు. గుండె, మూత్రపిండాల పరీక్షలు మామూలుగా వచ్చినప్పుడు మందుల చీటీని మరొకసారి చూడటం మేలు.

లెవోడోపాకు కూడా నిజంగా ఆపాదించదగిన ఒక దీర్ఘకాల ప్రభావం ఉంది గానీ దాని గురించి మాట్లాడేవారు తక్కువ. శరీరంలో అది విరిగే క్రమంలో హోమోసిస్టీన్ అనే పదార్థం పెరుగుతుంది. బీ12, ఫోలేట్ నిల్వలు తక్కువగా ఉన్నవారిలో మరీ పెరుగుతుంది. ఏళ్ల తరబడి పెద్ద మోతాదులు వాడినవారిలో అరికాళ్ల తిమ్మిర్లు, మంటలు కనిపించడానికి దీనితో సంబంధం ఉందని భావిస్తున్నారు. అప్పుడప్పుడు బీ12 పరీక్ష చేయించుకోవడం ఖరీదైన పనేమీ కాదు.

వేరే చీటీలోని మందు

పార్కిన్సన్స్ మందులకు సంబంధంలేని చీటీల నుంచి కూడా చిక్కులు వస్తాయి. గ్యాసు, కడుపుబ్బరానికి ఇచ్చే కలగలుపు బిళ్ళల్లో లెవోసల్పిరైడ్, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, తల తిరుగుడుకు ఇచ్చే ప్రోక్లోర్‌పెరజైన్, సిన్నరిజైన్ ఇవన్నీ డోపమిన్‌ను అడ్డుకుంటాయి. పార్కిన్సన్స్ లేనివారిలోనూ నెలల తరబడి వాడితే అదే వ్యాధిలా వణుకు, బిగుతు తెస్తాయి. ఉన్నవారిలో బిళ్ళ పనిచేయడం లేదన్న భ్రమ కలిగిస్తాయి. వాంతులకు డోంపెరిడోన్ మెదడులోకి అంతగా వెళ్ళదు కాబట్టి దాన్ని ఎంచుకుంటారు, అయితే గుండె లయ సమస్యలు ఉన్నవారికి అదీ జాగ్రత్తగానే ఇవ్వాలి. రాసాజిలిన్, దాని వర్గానికే చెందిన సెలెజిలిన్ వాడేవారికి నొప్పులకు ట్రమడాల్ ఇవ్వకూడదు.

దూలగొండి పొడి కథ వేరు. దాని గింజల్లో లెవోడోపా సహజంగానే ఉంటుంది. మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు 1937లోనే దాన్ని ఆ గింజల నుంచి వేరుచేశారు. కాబట్టి ఆ పొడి పనిచేయదనడం తప్పు. పనిచేస్తుంది గనుకనే, బిళ్ళ పక్కన దాన్ని కూడా రహస్యంగా వాడితే లెక్కకు రాని అదనపు మోతాదు పడుతుంది, మెలికలు, భ్రాంతులు పెరుగుతాయి. పొడికీ పొడికీ లెవోడోపా పరిమాణం మారుతుంది, అందులో కార్బిడోపా కాపలా ఉండదు. మూలికల మందు గనుక దుష్ప్రభావం ఉండదన్న మాట, బిళ్ళలోనూ పొడిలోనూ ఉన్నది ఒకే పదార్థమని తెలిసినప్పుడు నిలవదు.

వరద రోజుల్లో

ఏళ్ల తరబడి మందు వాడినవారికి అన్నిటికంటే ప్రాణాంతకమైనది మందును ఒక్కసారిగా ఆపడం. ఒళ్ళు బిగుసుకుపోయి, తీవ్రమైన జ్వరం వచ్చి, స్పృహ తగ్గి, కండరాలు దెబ్బతిని మూత్రపిండాల దాకా వెళ్ళే పరిస్థితి ఏర్పడుతుంది. దీన్ని మెదడు జ్వరంగానో మలేరియాగానో పొరబడితే సమయం పోతుంది. ఆపరేషనుకు ముందు ఏమీ తినకూడదన్న నియమాన్ని బిళ్ళలకు కూడా వర్తింపజేసి, తుంటి ఎముక విరిగిన రోగికి రెండు రోజులు మందు ఆగిపోవడం ఇలాంటి సందర్భమే; మత్తు డాక్టరుతో ముందుగా మాట్లాడితే గుక్కెడు నీటితోనో, ముక్కు గొట్టం ద్వారానో మందు కొనసాగించే వీలుంటుంది. గొట్టంలో వేయడానికి బిళ్ళ నలగ్గొట్టేటప్పుడు అది నెమ్మదిగా కరిగే రకం కాదని నిర్ధారించుకోవాలి, ఎందుకంటే ఆ రకాన్ని నలిపితే మోతాదంతా ఒక్కసారిగా విడుదలవుతుంది.

డెల్టాలో మందు ఆగిపోవడానికి మరో దారి ఉంది. 2022 జులైలో వచ్చినట్టుగా గోదావరి పొంగి కోనసీమ లంక గ్రామాలకు దారులు తెగిపోయినప్పుడు, పడవ మీద తప్ప బయటికి వెళ్ళే వీలుండదు, మందుల షాపు నది అవతల ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర ప్రమాద హెచ్చరిక ఎగరేసేనాటికి ఇంట్లో ఎన్ని బిళ్ళలున్నాయన్నది అప్పుడు చూసుకొని లాభం లేదు. ఆషాఢం రాకముందే కనీసం పదిహేను రోజుల బిళ్ళలు అదనంగా తెచ్చి, తడవని డబ్బాలో, పైన ఏ పేరు బిళ్ళ ఏ గంటకు వేసుకోవాలో రాసి, ఇంట్లో మరొకరికి కూడా తెలిసే చోట ఉంచుకోవాలి.